భవాని ముఖం వేసుకున్న రోజులు

నమోదు 3

పాలమేడలో ప్రతి పిల్లకీ రోజూ ఒక నమోదు రాసివ్వాలి. ఎన్ని పాలు తాగింది, ఎంతసేపు నిద్రపోయింది, విరేచనం ఏ రంగులో ఉంది. అది రాసిచ్చేశాను. ఇది వేరు. ఇది ఎవరూ అడగనిది, రాయాలనిపించిన రోజునే రాసుకునేది.

ఉదయం చేతులు కడుక్కుని భవాని ముఖం వేసుకున్నాను. ఆమె ముఖాన్ని చూపే పల్చటి తెర చల్లగా ఉంటుంది. చెంపలకి అతుక్కునే వరకు ఊపిరి బిగబట్టాలి. తర్వాత గొంతుపట్టీ. ఆ తర్వాత భవాని చీరల వాసన పట్టించిన పైచొక్కా. అద్దంలో చూసుకుంటే గుండ్రటి ముఖం, ముక్కుకి రెండువైపులా పుడకలు, ఎడమ కనుబొమ్మ మీద చిన్న గాటు. నేను పిల్లని పిలిచినట్టు "మేఖలా" అన్నాను. భవాని గొంతు "మేఖలా" అంది.

భవానిని నేను ఎప్పుడూ చూడలేదు. ఆమె సముద్రం అడుగున రాళ్ళు ఏరే పనిలో ఉంది. ఆమె భర్త కూడా లోతులోనే, వేరే చోట, ఇంకా పెద్ద ఒప్పందం మీద ఉన్నాడు. మా ఊళ్ళో సగం ఇళ్ళకి ఆ రాళ్ళే తిండి పెడతాయి. ఊరి పేరు దిబ్బ గానీ ఇక్కడ మట్టి లేదు. ఇనుప పలకల మీద తేలే ఊరు. లోతుకి దిగినవాళ్ళు ఏడాది దాకా పైకి రాలేరు. అడుగున ఒత్తిడికి అలవాటు పడిన ఒళ్ళు ఉన్నపళంగా పైకి వస్తే నెత్తురు నురగ కట్టి మనిషి చచ్చిపోతాడు. అందుకని దిగే ముందు తల్లులు పిల్లల్ని పాలమేడలో ఇచ్చి, తమ ముఖం, గొంతు, వాసన కూడా ఇచ్చి వెళ్తారు. మేం వంతులవారీగా వాటిని వేసుకుంటాం. మేఖలకి మేం ఐదుగురం. మేఖల లెక్కలో మాత్రం ఒక్కరే, అమ్మ.

శిక్షణ మొదటిరోజు పాలమేడ పెద్ద సిస్టర్ బెనెడిక్టా చెప్పింది ఇదే. మీరు పిల్లని పెంచడం లేదు, తల్లిని మోస్తున్నారు.

నలుగురిలో నోరు విప్పలేని దాన్ని నేను. కాన్వెంట్‌లో ప్రార్థన చదవమంటే అక్షరాలన్నీ తెలిసీ గొంతు పెగిలేది కాదు. భవాని ముఖంలో ఉన్నప్పుడు మాత్రం పాడుతున్నాను. గట్టిగా, చప్పట్లు కొడుతూ. ఆ పాట నాది కానట్టు ఉంటుంది.

నమోదు 9

పిల్లని ఎత్తుకోవడానికి ఒక పద్ధతి ఉంది. రెండుసార్లు పిలవాలి, ఒక చప్పట కొట్టాలి, చంకల కింద చేతులు వేసి లేపి ఎడమ నడుం మీద పెట్టుకోవాలి. ఐదుగురూ ఇలాగే చేయాలి. ఎవరిదైనా సొంత అలవాటు బయటపడితే దాన్ని ఇక్కడ మచ్చ అంటారు. గోరువెచ్చగా పాలు ఇవ్వాల్సిన చోట ఒకామె కొంచెం చల్లార్చి ఇస్తే అది మచ్చ. ఒకామె వీపు నిమిరితే అది మచ్చ.

నాకు ఇవాళ మచ్చ రాశారు. నేను పిలుస్తాను, చప్పట కొడతాను, ఆ తర్వాత ఆగిపోతున్నాను. పిల్ల చేతులు చాచేదాకా నా చేతులు ముందుకి పోవు. మనసులో లెక్క పెట్టుకుని వెంటనే ఎత్తుకుందామని చూశాను, కుదరలేదు. పిలవని చోటికి వెళ్ళడం నాకు చిన్నప్పటినుంచీ రాదు. పదహారు నెలల పిల్ల దగ్గర కూడా రావడం లేదు.

నమోదు 17

నా వంతు అయ్యాక ముఖం తీస్తుంటే అప్పలనర్సమ్మ పిన్ని తన వంతుకి వచ్చింది. మా ఐదుగురిలో పెద్దది. ఆమె ఎత్తుకుంటే ఏ పిల్లయినా నవ్వాల్సిందేనని పేరు. ఇప్పుడు ఆమెకి మేఖల మీద పీకలదాకా కోపం ఉంది.

"ఇది మామూలు పిల్ల కాదే అమ్మడూ," అంది. "మొగం ఒకటే, గొంతు ఒకటే, వాసనొకటే. నన్ను సూడగానే పోలీసోడు వచ్చినట్టు మొగం తిప్పీస్తాది. నువ్వు రాగానే పళ్ళు బైటెడతాది. దానికెలా తెలుస్తాదే?"

నాకు తెలియదన్నాను.

"నువ్వేటో పెడుతున్నావు దానికి. పంచదారేనా?"

పిన్ని నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే నిన్న నేను గదిలోకి వెళ్ళి పిలిచి, చప్పట కొట్టి, ఆగాను. మేఖల వెంటనే చేతులు చాచలేదు. తల పక్కకి వంచి నా వైపు చూసింది. నేనింకా ఆగాను. అప్పుడు నవ్వింది, తలుపు చాటున ఉన్నవాళ్ళని కనిపెట్టినట్టు. ఆ తర్వాతే చేతులు చాచింది.

ఆ ఆగడంలో మేఖలకి నేను కనిపిస్తున్నాను. భవాని ముఖం వెనక.

నమోదు 18

సిస్టర్‌కి చెప్పేశాను. ఆమెకి చెప్పకుండా నేను ఏదీ దాచుకోలేను.

మూడేళ్ళప్పటి నుంచి నన్ను పెంచింది సిస్టర్ బెనెడిక్టాయే. తీరంలో మా పాత కాన్వెంట్ మునిగిపోయినప్పుడు ఆమె ఒక చేత్తో గ్రంథాలయం పుస్తకాల పెట్టె, ఒక చేత్తో నన్ను పట్టుకుని పడవ ఎక్కారు. నాకు జడ వేసింది ఆమె. జ్వరం వస్తే పక్కన కూర్చుని పుస్తకం చదివి వినిపించింది ఆమె. వరండాలో ఆమె చెప్పుల చప్పుడు వినబడితే ఇప్పటికీ నా భుజాలు వాటంతట అవే వదులవుతాయి. పాలమేడ పెద్దగా ఆమెని వేసినప్పుడు నన్నే మొదట పిలిచి ఉద్యోగం ఇచ్చారు.

నేను చెప్పిందంతా ఓపికగా విన్నారు. తిడతారనుకున్నాను. మేఖల నన్ను ఎలా పోల్చుకుంటోందో ఒకటికి రెండుసార్లు అడిగారు. చెప్పాను, ఆగడం గురించి. "మిగతా నలుగురినీ పగటి వంతుల్లోంచి తీసేస్తాను. తల్లి పైకి వచ్చేదాకా, నీ సెలవు రోజు తప్ప, పగలు ఆ పిల్లకి నువ్వే ఉండు," అన్నారు.

తల్లి వచ్చాక పిల్ల ఏమవుతుందని అడిగాను.

"ఒక్కసారిగా విడదీయం తల్లీ. భవాని వచ్చాక కూడా కొన్నాళ్ళు నువ్వు పక్కనే ఉంటావు. నీ ముఖంతో. పిల్ల నీ దగ్గర్నుంచి ఆవిడ దగ్గరికి నెమ్మదిగా నడిచి వెళ్తుంది. మాటిస్తున్నాను."

ఆమె ఇంతకుముందు నాకు మాట ఇవ్వడం ఎరగను. ఎప్పుడూ అవసరం పడలేదు.

నమోదు 40

మేఖల నడుస్తోంది.

నడక కంటే నేను చూస్తున్నది వేరే ఉంది. నన్ను వదిలి నీళ్ళ డ్రమ్ము దాకా వెళ్తుంది. దాన్ని అరచేత్తో కొడుతుంది. వెనక్కి తిరిగి నేను ఉన్నానా అని చూస్తుంది. ఉంటాను. అప్పుడు ఇంకొంచెం దూరం, మెట్ల దాకా వెళ్తుంది. మళ్ళీ చూస్తుంది. ఒక్కోసారి ఏమీ అవసరం లేకుండా పరిగెత్తుకొచ్చి నా మోకాలికి తల ఆనించి, బలం నింపుకున్నట్టు ఆనించి, మళ్ళీ వెళ్ళిపోతుంది.

నాకు సెలవైన రోజు నర్సమ్మ పిన్ని ఆ ముఖం వేసుకుంటుంది. ఆ రోజు పిల్ల గది మధ్యలో కూర్చుంటుందట. ఏడవదు, ఆడదు. డ్రమ్ము దగ్గరికి కూడా వెళ్ళదు. "బొమ్మ కొన్నట్టుంటాది, దాన్ని సూత్తే," అంది పిన్ని. దూరం వెళ్ళడానికి ధైర్యం కావాలంటే వెనక ఒకరు ఉండాలని నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు. నీళ్ళ డ్రమ్ము దగ్గర కనబడింది.

నమోదు 52

భవాని వచ్చేది వానల తర్వాత. ఆలోపు మేఖలకి నా అసలు ముఖం అలవాటు చేయాలి కదా, లేకపోతే ఆ కొన్నాళ్ళు నేను పక్కన ఉండి ప్రయోజనమేముంది? రోజూ కాసేపు తెర తీస్తానని సిస్టర్‌ని అడిగాను.

ఇప్పుడే వద్దన్నారు. పళ్ళు వస్తున్నాయి, చికాకుగా ఉంటుందన్నారు.

సరే అన్నాను.

నమోదు 57

మళ్ళీ అడిగాను. దిబ్బ మీద జ్వరాలు ఉన్నాయి, తగ్గనీ అన్నారు. నా చెంప మీద తెర గీత పడిందని వేలితో తుడిచారు. నాకు ఇంక అడగాలనిపించలేదు. ఆమె చేయి తగిలితే నేను అడగాల్సింది మర్చిపోతాను.

నమోదు 61

భవానిని పైకి తెచ్చారు. అంటే ఆమె ఉన్న ఇనుప గది మాత్రం వచ్చింది. దాన్ని రేవు పక్కన పెట్టి కొన్ని రోజుల పాటు నెమ్మదిగా ఒత్తిడి తగ్గిస్తారు. ఆ తర్వాతే తలుపు తీస్తారు. మేఖల ఫోటోలు చూపించి రమ్మని సిస్టర్ నన్ను పంపారు. పంపుతూ ఒక మాట చెప్పారు. ఎంతమంది చూశారని తల్లి అడిగితే ఐదుగురని చెప్పు. ఒకరే అంటే తల్లి మనసు తట్టుకోదు.

గది కిటికీ దళసరి అద్దం. దాని వెనక నేను ఏడు నెలలుగా వేసుకుంటున్న ముఖం. గాటు అలాగే ఉంది. పుడకలు లేవు, లోతులో తీసేయమంటారట. ముఖం చిక్కిపోయింది. నా తెర మీద భవాని ఇంకా నిండుగానే ఉంది.

లోతులో పీల్చే వాయువుకి గొంతు సన్నబడిపోతుంది. స్పీకరులోంచి బాతుపిల్ల అరిచినట్టు మాట్లాడింది. తనకే నవ్వొచ్చి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. "ఈ గొంతుతో దాన్ని పిలిస్తే పారిపోతాది," అంది.

ఫోటోలు ఒక్కొక్కటీ అద్దానికి ఆనించాను. డ్రమ్ము దగ్గరి ఫోటో దగ్గర చాలాసేపు ఆగింది. తర్వాత అడిగింది, నన్ను గుర్తెడతాదా అని. ముఖం గుర్తుపడుతుందన్నాను. ఎంతమంది సూసినారు దాన్ని అని అడిగింది.

"ఐదుగురం," అన్నాను.

"అందరికీ రుణపడిపోనాను," అని అద్దం మీద చేయి పెట్టింది. నేను కూడా పెట్టాను. అద్దం వెచ్చగా ఉంది.

నమోదు 66

పిల్లని ఇచ్చేది శుక్రవారం అన్నారు. నిన్న గురువారం, పై అంతస్తులో తెరలు ఉతకడానికి మనుషులు చాలడం లేదని సిస్టర్ నన్ను అక్కడికి వెళ్ళమన్నారు. వెళ్ళాను. పగలంతా ఉతికాను. అన్నీ ఎవరెవరి ముఖాలో, తడిసి తీగ మీద వేలాడుతూ.

ఇవాళ ఉదయం తలకి నూనె రాసుకుని, నా ముఖంతోనే, భవాని ముందు ఏం మాట్లాడాలో ఒకటికి పదిసార్లు అనుకుంటూ మేఖల గదికి వెళ్ళాను. మంచం విప్పేసి గోడకి నిలబెట్టి ఉంది. నేలకి మందు నీళ్ళు కొట్టారు. నా అరలో తెర ఉంది గానీ వేసుకుంటే అద్దంలో ఏ ముఖమూ రాలేదు. ఖాళీగా బూడిద రంగులో ఉంది.

నర్సమ్మ పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది. నిన్ననే ఇచ్చేశారని చెప్పింది. భవాని లోపలికి వచ్చిందట, రెండుసార్లు పిలిచిందట, చప్పట కొట్టిందట. తల్లులకి కూడా పద్ధతి నేర్పి పంపుతారు. పిల్ల తల పక్కకి వంచి చూసిందట. భవాని ఆగలేదు. సంవత్సరం నుంచి ఆగిన మనిషి, ఇంకేం ఆగుతుంది. ఎత్తేసుకుంది.

"అరిసినాదే. ఆ అరుపు నేనెప్పుడూ ఇన్లేదు. తల్లి ఒల్లో ఉండి గుమ్మం కేసి సూసి అరిసినాది. సిస్టర్ గారు తలుపేసీమన్నారు."

తర్వాత పిల్ల ఊరుకుందా అని అడిగాను.

"ఊరుకుంది. ఉన్నట్టుండి ఊరుకుండిపోనాది. సిస్టర్ గారు, 'సూసినారా, కుదురుకుంది' అన్నారు." పిన్ని నా చేతిలోంచి ఖాళీ తెర తీసుకుంది. "నీకు తెలవదా ముందు? నాకు సోమారమే సెప్పీసినారే."

నమోదు 67

సిస్టర్ గదికి వెళ్ళాను. గుమ్మం దగ్గర ఆగాను. లోపలికి రమ్మన్నారు.

నేను ఏం అడగాలనుకున్నానో అది రాలేదు. మాటిచ్చారు కదా అన్నాను. అంతే వచ్చింది.

ఆమె కోప్పడలేదు. నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చారు. నేను పక్కన ఉంటానన్న ఆశ లేకపోతే పిల్లకి అంత మనసు పెట్టి చేసేదాన్ని కాదని, అందుకే తాను మాటిచ్చానని చెప్పారు. ఆ నెలల్లో పిల్లకి మేలే జరిగిందన్నారు. నడిచింది, ఒళ్ళు చేసింది. ముఖం అలవాటు చేయనివ్వకపోవడం కూడా ఆలోచించే చేశానన్నారు.

"నిన్ను ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు రూతూ. లేని మనిషిని ఎవరైనా పోగొట్టుకుంటారా? రెండు వారాలు మౌనంగా ఉంటుంది. తర్వాత తల్లికి అలవాటు పడుతుంది. ఇదేం నాకు కొత్త కాదు."

అలా పడకపోతే అని అడిగాను.

"నువ్వు పడలేదా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆమె నవ్వారు, ముద్దుగా, నా చిన్నప్పటి సంగతి చెప్పేటప్పుడు నవ్వినట్టు. చెప్పారు. కాన్వెంట్‌లో పసిపిల్లల గది వేరే ఉండేదట. అక్కడ నన్ను కాసులమ్మ అనే ఆయా చూసేదట. పుట్టిన నెలనుంచి మూడేళ్ళదాకా. ఆవిడ చంక దిగేదాన్ని కాదట. మూడేళ్ళు నిండాక బడి వైపు మార్చాలి. ఏడుపులు ఎందుకని మధ్యాహ్నం నిద్రలో ఉండగా నన్ను ఎత్తుకెళ్ళి ఇటు వైపు పడుకోబెట్టారట. కాసులమ్మని ఇటు కనబడవద్దన్నారట.

"నెల రోజులు నోరు విప్పలేదు నువ్వు. ఆ తర్వాత నెమ్మదిగా నా దగ్గరికి వచ్చావు. ఎంత బుద్ధిమంతురాలివో. ఎక్కడికి వెళ్ళినా గుమ్మంలో ఆగిపోయేదానివి, రమ్మని పిలిచేదాకా లోపల అడుగు పెట్టేదానివి కాదు. నీకిప్పుడు ఆవిడ జ్ఞాపకమైనా ఉందా? లేదు కదా. బాగా పెరిగావు. మేఖలా పెరుగుతుంది."

నిజంగానే జ్ఞాపకం లేదు. ఒక ముఖం, ఒక చీర రంగు, ఏదైనా వస్తుందేమోనని అక్కడే కూర్చుని వెతికాను. ఏమీ లేదు. నన్ను ఆపేది మాత్రం ఉంది. రోజూ ఉంది. అది నా స్వభావం అనుకుంటూ వచ్చాను.

"ఆమె ఏమైంది?" అన్నాను.

"ఎవరు?"

"కాసులమ్మ."

"తెలియదు తల్లీ. కొన్నాళ్ళకి పని మానేసింది."

ఆమె చెయ్యి నా తల మీద పెట్టారు. నా భుజాలు వదులయ్యాయి. అన్నిటికంటే దానికే నాకు అసహ్యం వేసింది. ఆమె చేసిందంతా తెలిసిన ఆ నిమిషంలో కూడా నా ఒళ్ళు ఆమెని నమ్ముతోంది. దానికి వేరే ఎవరూ తెలియదు.

నమోదు 70

నన్ను పై అంతస్తులోనే ఉంచేశారు. తెరలు ఉతుకుతున్నాను. ఇంకో పిల్లకి ముఖం వేసుకోమని వాళ్ళు అడగలేదు, నేనూ వేసుకోనని చెప్పలేదు.

సిస్టర్ చెప్పుల చప్పుడు మెట్ల మీద వినబడితే నీళ్ళ పంపు ఎక్కువ చేస్తున్నాను.

నమోదు 74

భవాని వచ్చింది.

గొంతు మామూలైంది. నేను ఇన్నాళ్ళూ వాడిన గొంతు. మెట్లెక్కి వచ్చి, తీగల మీద ముఖాల మధ్య నిలబడి, నన్ను చూసి ఆగింది. నేను సబ్బు చేతులతో నిలబడ్డాను.

"నువ్వేనా?" అంది. "అప్పలనర్సమ్మ సెప్పినాది. పిల్ల ఎవుర్ని ఎతుకుతాదో సెప్పమని కాళ్ళట్టుకుంటే సెప్పినాది."

నేనేనన్నాను.

"కిటికీ కాడ ఐదుగురని సెప్పినావు."

"అలా చెప్పమన్నారు."

"సెప్పమంటే సెప్పీడమేనా? అద్దం మీద సెయ్యేసి మరీ సెప్పినావు."

నేను తల వంచుకున్నాను. ఆమె దగ్గరగా వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టనిద్దామనుకున్నాను. కొట్టలేదు. తీగ మీద ఒక తెర పక్కకి జరిపి, ఉతికే బండ మీద కూలబడింది.

"నా మొగం ఏసుకుని నా పిల్లని నువ్వుంచీసుకున్నావు. నాకు ఉట్టి మొగం మిగిల్చినావు."

తర్వాత మేఖల గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఏడవడం లేదట. అదే భయంగా ఉందట. తినమంటే తింటుంది, పడుకోమంటే పడుకుంటుంది. ఎత్తుకుంటే బియ్యం బస్తా ఎత్తినట్టు ఉంటుంది, పిల్ల ఒళ్ళులా ఒదగదు. పడి మోకాలు చీరుకుపోతే నెత్తురు చూసుకుని అలాగే కూర్చుందట, తల్లి వైపు తిరగలేదట. సిస్టర్‌ని అడిగితే కుదురుకుంది, బుద్ధిమంతురాలు అన్నారట.

ఆ మాట విన్నాక నేను ఆగలేకపోయాను. నా జీవితంలో ఒక మనిషితో అంత సేపు మాట్లాడటం అదే మొదలు. అన్నీ చెప్పాను. ఆగడం గురించి, నీళ్ళ డ్రమ్ము గురించి, వెనక్కి తిరిగి చూడటం గురించి, సిస్టర్ ఇచ్చిన మాట గురించి. కాసులమ్మ గురించి కూడా చెప్పాను. బాగా పెరిగావని ఎవరైనా అంటే నమ్మవద్దని చెప్పాను.

భవాని విని లేచి చీర దులుపుకుంది.

"రేపు రా మా ఇంటికి. నీ మొగంతోనే రా."

అది తప్పు. పెంచిన పిల్లకి అనుమతి లేకుండా సొంత ముఖం చూపించిన వాళ్ళని పాలమేడలో ఉంచరు. ఆమెకీ తెలుసు. వస్తానన్నాను.

నమోదు 75

భవాని ఇల్లు రేవు వరసలో ఒకటే గది. మేఖల నేల మీద కూర్చుని ఉంది. ముందు గిన్నె, గరిటె, మూతలు పెట్టి ఉన్నాయి. వేటినీ ముట్టుకోలేదు. కొత్త గౌను వేశారు. జుట్టుకి రిబ్బను కట్టారు. కట్టించుకున్నది కట్టించుకున్నట్టే ఉంది.

నేను పేరు పెట్టి పిలిచాను. నా గొంతు ఆమె ఎప్పుడూ విననిది. తల తిప్పి చూసి, ఎవరో అనుకుని, మళ్ళీ గిన్నె కేసి తిప్పేసుకుంది. భవాని నన్ను చూసింది. ఆ చూపులో కొంచెం సంతోషం ఉంది, దాచుకోలేకపోయింది. నాకు కోపం రాలేదు.

తలుపు పక్కన నేల మీద కూర్చున్నాను. చప్పట కొట్టలేదు. చేతులు ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుని ఉండిపోయాను. భవాని ఏదో అనబోతే తల అడ్డంగా ఊపాను. రేవు మీద క్రేన్ తిరుగుతున్న చప్పుడు, పక్కింట్లో ఎవరో పోపు వేస్తున్న ఘాటు. భవాని దగ్గు ఆపుకుంది.

మేఖల మళ్ళీ చూసింది. తల పక్కకి వంచింది. నా ముఖం కాదు, ఇంకెక్కడో చూస్తోంది. లేచి వచ్చింది. నా మోకాలి దగ్గర నిలబడి, చేయి చాచి నా ఎడమ కనుబొమ్మ తడిమింది. అక్కడ గాటు లేదు. రెండోసారి తడిమింది. నేను కదలలేదు.

అప్పుడు కొట్టింది. అరచేత్తో, చెంప మీద, ఉన్న బలమంతా పెట్టి. ఇంకోటి. ముక్కు మీద తగిలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మూడోది కొట్టబోతూ నోరు తెరిచింది. ఏడుపు రావడానికి కొంచెం ఆలస్యమైంది. వచ్చాక గది పట్టలేదు.

వెనక్కి తిరిగింది. భవాని లేవబోయి, నేను చెప్పింది గుర్తొచ్చి కాబోలు, మోకాళ్ళ మీదే ఆగింది. చేతులు చాచింది గానీ ఎత్తుకోలేదు. మేఖల ఆ రెండు చేతుల మధ్యకి నడుచుకుంటూ వెళ్ళి, మెడలో ముఖం దూర్చి, అక్కడ ఏడ్చింది. రిబ్బను ఊడిపోయింది. పిల్ల ఒళ్ళు తల్లి ఒంటికి ఒదగడం నాకు కూర్చున్న చోటినుంచి కనబడింది.

భవాని కూడా ఏడుస్తోంది. పిల్ల తల మీదుగా నన్ను చూసి, "నన్ను ఒక్కపాలి కొట్టలేదు," అంది. "నిన్ను సూడు, ఎలా కొట్టినాదో."

అందులో ఈర్ష్య ఉంది, ఉండాలి కూడా.

నన్ను తీసేశారని, తేదీ మార్చారని, తెర తుడిచేశారని ఆ వయసు పిల్లకి చెప్పలేం. మేఖలకి సిస్టర్ బెనెడిక్టా ఎవరో తెలియదు. పిల్లకి తెలిసింది ఒకటే. ఒక మనిషి ఉండేది, ఒకరోజు రాలేదు. ఆ రాని మనిషిని నేను. కాసులమ్మని కొట్టే అవకాశం నాకు ఎవరూ ఇవ్వలేదు.

లేవబోయాను. పిల్ల తల్లి దగ్గరికి చేరింది కదా, ఇంక నాతో పని లేదనుకున్నాను. అలా అనుకోవడం కూడా ఎక్కడ నేర్చుకున్నానో ఇప్పుడు తెలుసు.

"ఎక్కడికి?" అంది భవాని. "కూకో. అది కళ్ళు తెరిసేసరికి నువ్వు లేకపోతే మళ్ళీ మొదటికొస్తాది."

కూర్చున్నాను.